దండెం మీద తీగ

పెద్దమ్మ అప్పటికే సగం బట్టలు ఆరేసింది. చొక్కాలు వంటింటి వైపు, తువ్వాళ్లు వాటి పక్కన, మిగిలిన చోటంతా దుప్పట్లకు. చొక్కాను ఎప్పుడూ కింది అంచు పట్టుకునే వేస్తుంది. భుజాల దగ్గర క్లిప్పు పెడితే అక్కడ కొమ్ములు మొలుస్తాయంటుంది. దుప్పట్లను మాత్రం పిండనివ్వదు. బకెట్లోంచి నీళ్లోడుతుండగానే తీసి, ఒక కొస నాకిచ్చి, ఒక కొస తను పట్టుకుని, దండెం మీదుగా విసురుతుంది. ఆ నీళ్ల బరువే గుడ్డను కిందికి లాగి ముడతలు తీసేస్తుందని ఆవిడ నమ్మకం. అది నిజమేననుకోవాలి. ఆ ఇంట్లో దుప్పటికి ఇస్త్రీపెట్టె తగలడం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి దుప్పటి పడగానే దండెం వంగింది. నీళ్లు వరసగా గచ్చు మీద కారాయి. గోడకు అవతల పిన్ని ఎవరితోనో మాట్లాడుతోంది.

"చెప్పండి సార్, పై పన్నా, కింది పన్నా? అయ్యో. నిద్ర కూడా పట్టలేదా? మరి రేపు పొద్దున్న డాక్టరుగారు..."

రెండో దుప్పటి పడింది.

"సార్? సార్, వినబడుతోందా? హలో?"

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తర్వాత బాబాయి గొంతు. "పోయిందా? ఉండు, కంగారు పడకు, ఆపి పెడతాను."

"మళ్లీ పోయినట్టుంది," అన్నాను.

"గాలిలో వచ్చేది గాలి వీస్తే పోదూ," అంది పెద్దమ్మ, మూడో దుప్పటి కొస వెతుకుతూ.

పెద్దమ్మా పిన్నీ అక్కచెల్లెళ్లు. మా అమ్మ వాళ్లిద్దరికీ మధ్యది. ఇళ్లు రెండూ పక్కపక్కనే, నడుమ భుజాలెత్తు గోడ. నేను పెద్దమ్మ ఇంట్లో ఉంటూ మధ్యాహ్నం నుంచి మందుల షాపులో పని చేస్తాను. పొద్దున పూట ఏ పనీ ఉండదు కాబట్టి పెద్దమ్మకు దుప్పటి రెండో కొస పట్టుకునే మనిషిని నేనే.

బాబాయి బస్సు డ్రైవరు. మోకాలు అరిగిపోయి, బ్రేకు తొక్కలేక, ఏడాదిగా ఇంట్లో ఉంటున్నాడు. అందుకని పిన్ని ఒక ఉద్యోగం చూసుకుంది. పళ్ల ఆస్పత్రికి వచ్చే ఫోన్లు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తీయాలి, ఎవరు ఎప్పుడు రావాలో చెప్పాలి. నెల రోజులు చూస్తామన్నారు. లైను పదేపదే తెగితే మాత్రం కుదరదని మొదటి రోజే చెప్పారు. వెనక గదిలో బియ్యం డబ్బాలు జరిపి బల్ల వేసుకుంది. రోజూ తల దువ్వుకుని, పొడి బట్టలు కట్టుకుని, అప్పుడు కూర్చుంటుంది.

"నిన్నెవరు చూస్తారే, ఫోన్లోంచి?" అని పెద్దమ్మ నవ్వింది.

"నా గొంతుకు తెలుస్తుంది కదక్కా," అంది పిన్ని.

ఆ ఉద్యోగం దొరికిన రోజు పిన్ని మా ఇంటికి వచ్చి హాల్లో నిలబడే ఉంది, కూర్చోలేదు. అప్పటిదాకా ఎక్కడికైనా వెళితే ఫలానా డ్రైవరు గారి భార్య, ఫలానా ఆవిడ చెల్లెలు. ఇప్పుడు ఫోన్లో అవతలి వాళ్లు "మీ పేరేమిటండీ" అని అడుగుతారట. అడిగితే చెప్పాలట. ఆ మాట రెండుసార్లు చెప్పింది.

పిన్ని ఇంట్లో నెట్టు మాత్రం లేదు. వీధి స్తంభం మీది పెట్టె కనెక్షన్లతో నిండిపోయిందని, కొత్తది పెట్టినప్పుడు కబురు చేస్తామని కంపెనీ వాళ్లు చెప్పారు. ఆ కబురు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. పెద్దమ్మ ఇంట్లో ఉంది. పెదనాన్న సరుకుల ఓడల్లో వంటవాడు. వారానికోసారి ఆయన మొహం చూసుకోవడానికి పెట్టించుకుంది. ఆ మొహం కూడా సగం సార్లు నోరు తెరిచి మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు పెద్దమ్మ, "ఇంట్లో ఉన్నప్పుడూ ఇంతే, మాట పూర్తి చేసింది లేదు," అంటుంది.

పిన్ని అడగ్గానే పెద్దమ్మ ఒప్పుకుంది.

"నాకెంత కావాలే? తక్కినదంతా నువ్వే వాడుకో. ఒక్క మాట మాత్రం. తీగ లాగొద్దు. గాలిలో వస్తే రానీ."

"తీగైతే ఏంటక్కా?"

పెద్దమ్మ పెరటి గోడ వైపు చూసింది. పిన్ని కూడా అటు చూసి, సరేనంది.

ఆ గోడకు జానెడు ఎత్తులో ఒక ఇనప గొట్టం ముక్క బయటికి వచ్చి ఉంటుంది. దాని నోట్లో చెక్క బిరడా, బిరడా చుట్టూ గుడ్డపేలిక. చాలా ఏళ్ల కిందట పెద్దమ్మ తన మోటారు నుంచి చెల్లెలి ఇంటికి నీళ్ల గొట్టం వేయించింది. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక ఎండాకాలం మోటారు కాలిపోయింది. ఎవరు ఎక్కువ తోడారన్న మాట వచ్చింది. ఒకరోజు పెద్దమ్మే ప్లంబరును పిలిచి గొట్టం కోయించింది. ఆ తర్వాత రెండిళ్ల మధ్యా చాలా కాలం మాటల్లేవు. మళ్లీ ఎలా కలిశారో నాకు తెలియదు, నేను అప్పటికి చిన్నదాన్ని. బిరడా మాత్రం ఎవరూ తీయలేదు.

"తీగంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తెంపాల్సి వస్తుంది," అని ఆ రాత్రి అన్నం తింటూ నాతో అంది పెద్దమ్మ. "గాలైతే తెంపేదేముంది?"

గాలిలో రాలేదు. మా హాల్లో నెట్టు డబ్బాకీ పిన్ని వెనక గదికీ మధ్య మూడు గోడలు, ఒక ఇనప బీరువా. పిన్ని వీధి గుమ్మంలో నిలబడితే సిగ్నల్ ఒక గీత, వంటింట్లోకి వెళితే అదీ లేదు. వీధి గుమ్మంలో కూర్చుని పళ్ల డాక్టరుగారి పని చేయడం కుదరదు. బాబాయి నిచ్చెనను పిలిచాడు.

నిచ్చెన అంటే మనిషే. మా వైపు నెట్టు పనులన్నీ అతనే చేస్తాడు. ఎవరింటికి వచ్చినా గేటు దగ్గరే, "నిచ్చెన ఉందా అండీ?" అని అడుగుతాడు. తన నిచ్చెన ఎప్పుడూ ఇంకో ఇంట్లో ఉంటుంది. పేరు అలా పడిపోయింది.

అతను వచ్చిన రోజు పెద్దమ్మ కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లింది. బాబాయి అలా చూసే పిలిచాడని నాకు తర్వాత అర్థమైంది.

"తీగ లేకుండా అవదు సార్," అన్నాడు నిచ్చెన. "ఇక్కణ్నుంచి అక్కడికో తీగ లాగి, ఆ కొసన ఇంకో డబ్బా పెట్టాలి. గోడకు మేకులు కొట్టుకుంటూ పోతే గంట పని."

"మేకు కనబడితే మా వదిన నన్నే గోడకు కొడుతుంది."

"అయితే భూమిలోంచి. గచ్చు పగలగొడదామా?"

బాబాయి పెరట్లో నిలబడి పైకి చూశాడు. మా వంటింటి కిటికీ పక్కన కొక్కెం నుంచి గోడ మీదుగా పిన్ని వరండా స్తంభం దాకా దండెం ఉంది. ఆకుపచ్చ తొడుగు వేసిన ఇనప తీగ. ఇళ్లు కట్టినప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి కట్టించుకున్నది. గొట్టం గొడవ రోజుల్లో కూడా దాన్ని ఎవరూ విప్పలేదు. ఎవరి వైపు బట్టలు వాళ్లు ఆరేసుకున్నారు, అంతే.

"దాని వెంట పోనిస్తే?" అన్నాడు బాబాయి.

నిచ్చెన నవ్వాడు. "బట్టల దండెం మీద నెట్టా సార్? నా సర్వీసులో చూళ్లేదు."

"ఇప్పుడు చూడు. బిగించి కట్టు. వేలాడితే కంట్లో పడుతుంది."

స్టూలు నేను పట్టుకున్నాను. కట్టింది బాబాయే. బస్సు పైన సామాను కట్టే ముడి, జానెడు జానెడుకొకటి, ఆకుపచ్చ పురికొసతో. కింద నిలబడి చూస్తే నిజంగానే ఏమీ తెలియదు. తీగ సరిగ్గా సరిపోయింది. అవతలి కొసన వదులుగా బెత్తెడు కూడా మిగల్లేదు. పిన్ని కిటికీ ఊచల్లోంచి లోపలికి లాగేటప్పుడు కొసకున్న చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగింది. డబ్బాలో పెట్టినప్పుడు టక్కుమని పట్టుకునేది ఆ నాలుకే.

"నా దగ్గర ఇంకోటి లేదు," అన్నాడు నిచ్చెన. "ఈసారి వచ్చినప్పుడు మారుస్తా. ఎవరూ లాగకపోతే ఊడదు."

"ఎవరు లాగుతారు?" అన్నాడు బాబాయి.

నిచ్చెన పిన్ని బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏదో నొక్కాడు. ఎందుకంత సేపని పిన్ని అడిగింది.

"ఆ ఇంట్లోది అక్క, ఈ డబ్బా చెల్లెలు అనుకోండమ్మా. ఎవరు ఏ నంబరులో ఉండాలో చెప్పే పెత్తనం అక్కకే ఉండాలి. చెల్లెలు కూడా చెప్పడం మొదలుపెడితే రెండిళ్లూ ఆగిపోతాయి. అందుకని చెల్లెలి నోరు మూయిస్తున్నా."

"అది నువ్వు కొత్తగా చేసేదేమీ లేదులే," అంది పిన్ని.

సాయంత్రం పెద్దమ్మ కొత్త కళ్లజోడుతో వచ్చి చెల్లెలి ఇంట్లో డబ్బా చూసింది. బాబాయి దాని రెండు కొమ్ములూ చూపించాడు.

"వీటితో పట్టుకుంటుంది వదినా, గాలిలోంచి."

"ఎంత పని!" అని పెద్దమ్మ ఒక కొమ్మును వేలితో ముట్టుకుంది. కళ్లజోడు పైకి తోసుకుని గోడల వెంట, కిటికీ వెంట చూసింది. పైకి చూడలేదు. పురికొస కొసలు కత్తిరించిన కత్తెర ఇంకా స్టూలు మీదే ఉంటే నేను లోపల పెట్టాను.

మొదటి వారం బాగానే ఉంది. పిన్ని గొంతు గోడ మీదుగా వచ్చేది, నమస్కారాలు, పళ్ల లెక్కలు, అపాయింట్‌మెంట్లు. ఎవరో ముసలాయన కట్టుడు పళ్లు కుక్క ఎత్తుకుపోయిందని ఫోను చేస్తే, పిన్ని నవ్వు ఆపుకుని కుక్క క్షేమమేనా అని అడిగింది. పెద్దమ్మ పెరట్లో నిలబడి అదంతా విని లోపలికి వచ్చి నాకు చెప్పింది. "మా చెల్లెలు కదా," అంది, నేనేమీ అనకముందే. వీధిలో వాళ్లకు కూడా, "మా నెట్టు మీదే నడుస్తోంది దాని ఉద్యోగం," అని చెప్పింది. ఆ మాట తిరిగి పిన్ని చెవిలో పడింది.

తర్వాత తెగడం మొదలైంది. రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారి, అది కూడా పొద్దున పూటే. తెగినప్పుడల్లా బాబాయి డబ్బాకున్నవన్నీ పీకి, ఊది, మళ్లీ పెట్టేవాడు. వచ్చేది. బస్సు ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేసినట్టే ఇదీ అని అతని నమ్మకం. నిచ్చెనకు ఫోను చేస్తే కంప్యూటరు పాతదన్నాడు. కంప్యూటరు అమ్మినవాడు నెట్టు మంచిది కాదన్నాడు. సూపర్‌వైజరు, గొంతు వింటే నాకంటే చిన్నపిల్ల, పిన్నికి ఫోను చేసి, "ఇలా అయితే నేను పైవాళ్లకు ఏం చెప్పను మేడం?" అంది. పిన్ని ఆ రోజు అన్నం తినలేదని బాబాయి గోడ దగ్గరికి వచ్చి నాతో చెప్పాడు.

మంగళవారం తెగినప్పుడు పిన్ని గది లోంచి నేరుగా గోడ దగ్గరికి వచ్చింది. చెవులకు ఫోన్లు వినే తొడుగు ఇంకా ఉంది.

"అక్కా, ఆ డబ్బా దగ్గరికి వెళ్లావా ఇప్పుడు?"

పెద్దమ్మ ఆఖరి దుప్పటి సర్దుతోంది. "నేనా? పెరట్లో ఉంటే."

"మరి పొద్దున్నే ఎందుకు పోతుంది? నువ్వు ఇల్లు సర్దేటప్పుడే ఎందుకు పోతుంది? మధ్యాహ్నం పోదు, సాయంత్రం పోదు."

"అంటే?"

"అంటే ఏం లేదు. దుమ్ము తుడుస్తూ స్విచ్చు ఆపుతున్నావేమోనని."

"దుమ్ము తుడవడం కూడా చేతకాదన్నమాట నాకు."

"చేతకాక ఆపావనలేదు."

దుప్పటి నీళ్లు గచ్చు మీద పడుతూనే ఉన్నాయి.

"చేతనై ఆపానంటావు," అంది పెద్దమ్మ. "చూడూ, నేను తెంపాలనుకుంటే నీ ఎదురుగా తెంపుతాను. చాటుగా తెంపే అలవాటు నాకు లేదు. తెలుసు కదా నీకు?"

"తెలుసు. ఆ బిరడా రోజూ చూస్తూనే ఉన్నా," అని పిన్ని లోపలికి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున్న పెద్దమ్మ బట్టలు బకెట్లో అలాగే వదిలేసి హాల్లో డబ్బా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను సాక్ష్యానికి పక్కన కూర్చోబెట్టింది. డబ్బా మీద దీపాలు మిణుకుతుంటే రెప్ప వేయకుండా చూసింది. మధ్యలో లేవలేదు, టీ కూడా నేనే కలిపి తెచ్చాను. మధ్యాహ్నం దాకా లైను ఒక్కసారి కూడా తెగలేదు.

గోడ దగ్గరికి వెళ్లి చెల్లెల్ని పిలిచింది. "చూశావా? కదలకుండా కూర్చున్నాను. అడుగు, ఇదుగో పిల్ల. దాని జోలికి ఎవరూ పోలేదు."

"అదే కదా నేనన్నది," అంది పిన్ని. "నువ్వు కదలకుండా కూర్చుంటే తెగలేదు."

పెద్దమ్మ వెనక్కి తిరిగి లోపలికి వచ్చేసింది. తను తప్పు చేయలేదని చూపించడానికి ఒక పూట కూర్చుంది, ఆ పూట కూర్చోవడమే తప్పు చేసిందనడానికి రుజువైపోయింది. బకెట్లో దుప్పట్లు సాయంత్రానికి పులిసిన వాసన వచ్చాయి.

గురువారం వాటిని మళ్లీ జాడించి ఆరేశాం. రెండో దుప్పటి పడగానే అవతల "హలో? హలో?" వినబడింది. అప్పుడు నేను పైకి చూశాను. దండెం మధ్యలోకి వంగి ఉంది. పురికొస ముడులన్నీ పిన్ని వైపు నుంచి ఒక్క వేలంత ఇటు జరిగి, తాటి చెట్టు ఎక్కేవాడి మోకుల్లా బిగుసుకున్నాయి.

పెద్దమ్మ లోపలికి వెళ్లాక నేను పిన్ని వాళ్ల ఇంటికి వెళ్లాను. పిన్ని అప్పటికే సూపర్‌వైజరుతో ఫోన్లో మాట్లాడుతోంది, "అవునండీ, అవునండీ" తప్ప ఇంకేమీ అనడం లేదు. బాబాయి డబ్బా పీకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి చూపించాను. నాలుక విరిగిన తీగ కొస డబ్బాలోంచి గింజంత బయటికి వచ్చి ఉంది.

"దుప్పట్లు," అన్నాను.

బాబాయి ఆ కొసను, కిటికీని, కిటికీ లోంచి కనబడే దండేన్ని చూశాడు. తర్వాత మోకాలు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"మీ పెద్దమ్మకు చెప్పావా?"

"లేదు."

"చెప్పకు తల్లీ. తీగ ఉందని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? నేను అబద్ధం చెప్పానని కాదు. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే."

పిన్ని ఫోను పెట్టేసి తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది.

"అయితే అక్క కాదా?" అంది.

"దండేనిది తప్పు," అన్నాడు బాబాయి.

"తీగ దానికి చుట్టింది ఎవరు? ఆ మహానుభావుడి మొహం అద్దంలో చూసుకోండి." తర్వాత గొంతు తగ్గింది. "రేపు పొద్దున్న పైవాళ్లు నా ఫోన్లు వింటూ కూర్చుంటారట. రేపు ఒక్కసారి తెగినా ఇక వద్దని చెప్పేస్తామంది ఆ పిల్ల. పాపం, తనే ఏడ్చేలా ఉంది."

బాబాయి నిచ్చెనకు ఫోను చేశాడు. అతను వేరే ఊరిలో ఉన్నాడు, శనివారం వస్తానన్నాడు. కొసను పట్టీ వేసి అంటించమంటావా అని అడిగితే, వద్దు, అలా బిగిస్తే తీగే తెగుతుందన్నాడు. రేపటి పూట దాని మీద బరువు పడకుండా చూసుకోమన్నాడు.

"అంటే రేపు దుప్పట్లు ఉండకూడదు," అన్నాడు బాబాయి నా వైపు చూసి.

"ఇవాళేగా ఉతికింది, రేపు ఉండవు," అన్నాను. నాకు నిజంగా అలాగే అనిపించింది. పిన్ని మాత్రం గోడ దగ్గరికి వెళ్లి, అక్కను పిలవబోయి, పిలవకుండా వచ్చేసింది. ఏ మాటతో మొదలుపెట్టినా తీగ దగ్గరికే వస్తుంది.

శుక్రవారం నేను లేచేసరికి పెరట్లో తొట్టి నిండా నీళ్లు, నీళ్లలో రగ్గులు. చలికాలం కప్పుకునేవి, మూడూ. పెద్దమ్మ చేతులు మోచేతుల దాకా నురగ.

"ఇవాళ రగ్గులెందుకు పెద్దమ్మా?"

"ఎండ బాగుంది. ఇవాళ నేను హాల్లోకి అడుగు పెట్టను. పొద్దు పైకెక్కే దాకా పెరట్లోనే ఉంటాను. ఆవిడగారు గోడ మీంచి ఎన్నిసార్లయినా తొంగి చూసుకోవచ్చు, నేను ఎక్కడున్నానో. తెగితే నా చెయ్యి కాదని అప్పుడైనా తెలుస్తుంది."

గోడకు అవతల బాబాయి తల కనబడింది. రగ్గులు చూసింది. మాయమైంది.

"నేను ఆరేస్తాలే, నువ్వు కూర్చో," అన్నాను.

"నువ్వా? చొక్కాలకు కొమ్ములు మొలిపించే మనిషివి."

"పోనీ గోడ మీద వేద్దాం."

"సున్నం అంటుకోదూ?"

"వీధి చివర ఖాళీ స్థలం కంచె మీద? అక్కడ ఎండ కూడా ఎక్కువ."

పెద్దమ్మ చెయ్యి ఆపి నా వైపు చూసింది. "మన గుడ్డలు వీధిలో వేసుకునే గతి పట్టిందా మనకు? ఇంట్లోనే దండెం ఉండగా? నీకేమయింది ఇవాళ?"

ముందుగా చొక్కాలు అందించాను, ఒక్కొక్కటే, మెల్లగా. తర్వాత తువ్వాళ్లు. దండెం కదిలింది కానీ వంగలేదు. అవతల పిన్ని మొదటి ఫోను తీసింది. గొంతు రోజూ ఉన్నట్టే ఉంది, మాటకూ మాటకూ మధ్య మాత్రం కొంచెం ఎక్కువ ఖాళీ. కిటికీ ఊచల వెనక బాబాయి చెయ్యి కనబడుతోంది. డబ్బా దగ్గర కొసను వేళ్లతో ఒత్తి పట్టుకుని నిలబడ్డాడు, బస్సులో నిలబడ్డ మనిషి పైకడ్డీ పట్టుకున్నట్టు. అలా ఎంతసేపు నిలబడగలడు, ఆ మోకాలితో.

పెద్దమ్మ మొదటి రగ్గును తొట్టిలోంచి ఎత్తింది. నీళ్లు ధారగా తొట్టిలోకి కారాయి. రెండో కొస నాకు ఇవ్వబోయింది. నేను చెయ్యి చాపలేదు.

"పట్టుకో."

"వెయ్యకు పెద్దమ్మా."

"ఏం?"

పైకి చూశాను. పెద్దమ్మ నా కళ్లు ఎటు వెళ్లాయో అటు చూసింది.

రగ్గును భుజం మీద వేసుకుంది. కట్టుకున్న చీరంతా తడిసిపోయింది, పట్టించుకోలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి దండేన్ని వేళ్ల మధ్య పట్టుకుంది. ఒక తీగ. బొటనవేలితో పైకి తడిమింది. రెండో తీగ. వేళ్లు ముడి దగ్గర ఆగాయి. ఆ ముడి ఆవిడకు తెలుసు. ఇల్లు మారినప్పుడల్లా, ఓడ ఎక్కడానికి పెదనాన్న పెట్టె కట్టినప్పుడల్లా, ఆ ముడి వేసింది బాబాయే. అక్కణ్నుంచి ముడి వెంట ముడి చూసుకుంటూ మా వంటింటి కిటికీ దాకా వెళ్లింది ఆవిడ చూపు. మళ్లీ అక్కణ్నుంచి గోడ మీదుగా స్తంభం దాకా, స్తంభం నుంచి కిటికీ ఊచల దాకా, ఊచల వెనక ఉన్న చెయ్యి దాకా.

బాబాయి కదల్లేదు. చెయ్యి వదల్లేడు.

"వదినా," అన్నాడు, గొంతు పైకి రాకుండా.

గది లోపల పిన్ని మాట్లాడుతూనే ఉంది. ఆవిడకు ఇటు ఏమీ కనబడదు.

"భయం లేదమ్మా, పాపకు నొప్పి తెలియకుండానే తీస్తారు. ఆ, పాల పన్నే కదా... నా పేరా? చెబుతాను, రాసుకుంటారా?"

పెద్దమ్మ దండేన్ని వదిలేసింది. రగ్గును భుజం మీంచి దించి బకెట్లో వేసింది. తొట్టిలోవి రెండూ తీసి దాని మీద కుక్కింది. తర్వాత దండెం మీది తువ్వాళ్లు తీసింది. చొక్కాలు తీసింది, క్లిప్పులు ఒక్కొక్కటే విప్పి నడుము దగ్గర కొంగులో వేసుకుంటూ. తడి గుడ్డలన్నీ రగ్గుల మీద పోగైనాయి. దండెం తేలికపడి నెమ్మదిగా తన చోటికి లేచింది. ఊచల వెనక బాబాయి చెయ్యి కొస మీంచి జారి కిందికి దిగింది.

నేను బకెట్ రెండో వైపు పట్టుకోబోయాను. పెద్దమ్మ నా చేతిని పక్కకు తీసింది, గట్టిగా కాదు. ఒక్కతే ఎత్తింది. ఒక వైపుకు ఒరిగి, పెరట్లోంచి, గొట్టం ముక్క పక్కనుంచి, ఇంటి పక్క సందులోంచి నడిచింది. గచ్చు మీద నీళ్ల చార ఆవిడ వెనకే వెళ్లింది. గేటు గడియ మోచేత్తో తీసింది.

లోపల పిన్ని తన పేరును ఒక్కో అక్షరం విడదీసి చెబుతోంది.

పెద్దమ్మ వీధిలోకి దిగి, ఎటూ చూడకుండా, చివరి కంచె వైపు నడిచి వెళ్లిపోయింది.